సన్నటి ఈల

మా చెల్లెలంటే నాకు ప్రాణం. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను రాకాసి అనుకోకూడదని. కానీ ఆ వానాకాలం మాత్రం అది ఎప్పుడు మూటాముల్లె సర్దుకుంటుందా అని కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూశాను.

అది వచ్చిన రోజు వాన దంచి కొడుతోంది. నేను ముందుగదిలో మిషన్ దగ్గర కూర్చుని బడిపిల్లల యూనిఫారాలకి కాలర్లు వేస్తున్నాను. నిలువునా తడిసి గుమ్మంలో నిలబడింది. గిటారుకి మాత్రం రెండు ప్లాస్టిక్ కవర్లు, వాటిమీద దాని రెయిన్‌కోటు.

"ఏమే, నువ్వు తడిసి ముద్దైపోయినా ఫర్వాలేదా?"

"నాకు తుప్పు పట్టదుగా అక్కా. దీని తీగలకి పడుతుంది," అంది.

దానిది పుట్టుకతోనే బొంగురు గొంతు. ఫోన్లో దాన్ని అందరూ 'సార్' అంటారు. నాది అందుకు పూర్తిగా తిరగేసిన గొంతు. సందు మొదట్లో నేను బేరమాడితే సందు చివర వాళ్ళకి ధర తెలిసిపోతుందని పెళ్ళైన కొత్తలో మా ఆయన తెగ ఏడిపించేవారు. అదంతా ఒకప్పటి మాట. ఏడాదిగా ఆయన నాతో మాట్లాడటమే తగ్గించేశారు. వంటింట్లోంచి ఏదైనా అడిగితే ఉలుకూ పలుకూ ఉండదు. ఎదురుగా వెళ్ళి నిలబడి అడిగితే 'ఊఁ' అంటారు. ఆ ఊఁ అన్న పని జరగదు. కాపురం పాతబడితే ఇంతేనేమోలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెల్లి అసలు సంగతి బయటపెట్టింది. వేరే ఊళ్ళో ఒక బృందంలో గిటారు వాయించడానికి దానికి చోటు దొరికింది. వానలు తగ్గగానే వెళ్ళి చేరాలి. యాంప్లిఫయర్ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలట.

"బావా, నాకో యాంప్ చేసిపెడతావా? వాల్వులది."

మా ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వాల్వులంటే పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు గొట్టాలు. మా ఆయన ఆ రేడియోల కాలంలో పని నేర్చుకున్న మనిషి. ఇప్పుడు ఆయన షాపుకి వచ్చేవన్నీ మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు.

"వాల్వులా! ఈ రోజుల్లో ఎవరమ్మాయ్ అవి అడిగేది?" అన్నారు. "రెడీమేడ్‌వి దొరుకుతాయిగా, చక్కగా, చిన్నగా."

"అవి వాయిస్తే నా గిటారు పక్కవాడి గిటారులాగే ఉంటుంది బావా. నాకు నాలాగే ఉండాలి."

ఆయన మొహం వెలిగిపోయింది. ఎలాంటి ట్రాన్స్‌ఫార్మర్ కావాలో, ఏ పాత రేడియోలోంచి ఏం పీకాలో చెప్పడం మొదలుపెట్టారు. అన్నం చల్లారిపోయింది, పప్పు గడ్డకట్టింది, ఆయన మాత్రం ఆగలేదు. నేను నోరెళ్ళబెట్టి చూస్తూ కూర్చున్నాను. అంటే ఆయన దగ్గర మాటలు అయిపోలేదన్నమాట. నా కోసం లేవంతే.

మర్నాటి నుంచి మా ఇంటి వెనకగది మా ఇంట్లో గది కాదు. ఒక పక్క విప్పేసిన రేడియోలు, ఒక పక్క వైర్ల చుట్టలు, మధ్యలో వాళ్ళిద్దరూ. ఆయన షాపు మధ్యాహ్నానికే కట్టేసి వచ్చేవారు. అల్యూమినియం రేకు తెచ్చి పెట్టెలా మడిచారు. వాల్వులు కూర్చోవడానికి దానికి కన్నాలు కోశారు. కన్నం అంచులు నున్నగా వచ్చేదాకా చెల్లి ఆకురాయితో రుద్దుతూనే ఉండేది. ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమనేవి. ఆయనకి చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు.

"కరెంటు ఉన్నప్పుడు లోపల చెయ్యి పెడితే ఒక్క చెయ్యే పెట్టాలి," అని నేర్పించేవారు దానికి. "ఎడమచెయ్యి వీపు వెనక్కి పెట్టుకో. రెండు చేతులూ తగిలాయా, దెబ్బ గుండె మీదుగా పోతుంది. ప్లగ్గు పీకేశాం కదా అని కూడా నమ్మకు. కండెన్సర్లలో కరెంటు నిలవ ఉంటుంది."

ఎంత జాగ్రత్త! నా కుట్టుమిషన్ మోటారు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని నేను ఎన్నాళ్ళ నుంచి మొత్తుకుంటున్నానో. దానికి ఊఁ తప్ప మందు లేదు. చెల్లి ఎడమచెయ్యి మాత్రం వీపు వెనక భద్రంగా ఉండాలి.

ఇంకొకటి. ఇన్నేళ్ళు కాపురం చేసి నేను ఆయన్ని 'మీరు' అంటాను, 'ఏమండీ' అంటాను. అది 'బావా, నువ్వు ఇలా రా, నువ్వు అది పట్టుకో' అంటుంది. మరదలు కాబట్టి అంటుంది, అందులో తప్పులేదు, ఎప్పుడూ అలాగే అనేది. అయినా ఆ వానాకాలంలో ఆ 'నువ్వు' అన్న మాట గోడ దాటి ముందుగదిలోకి వచ్చినప్పుడల్లా నా సూది దారం తెగేది.

ఒకరోజు అన్నానికి పిలిచాను. "ఏమండీ, వడ్డించాను." పలకలేదు. మళ్ళీ పిలిచాను. గుమ్మం దాకా వెళ్ళి పిలిచాను. ఆయన వీపు నావైపుంది, చేతిలో వైర్లు అతికే సోల్డరింగ్ కడ్డీ పొగలు కక్కుతోంది. చెల్లి నన్ను చూసి ఆయన భుజం మీద రెండు వేళ్ళతో తట్టింది. వెంటనే తిరిగారు.

"అక్క అన్నానికి రమ్మంటోంది బావా."

"ఓ, వస్తున్నా వస్తున్నా," అని నవ్వుతూ లేచారు.

నేను గొంతు చించుకున్నా లేవని మనిషి, అది వేలు పెడితే లేచారు. ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. కావాలని కాదు. ఇద్దరూ కిక్కురుమనకుండా తిన్నారు. అందుకూ నాకు ఒళ్ళు మండింది.

పక్కింటి పిన్నిగారు గౌనుకి అంచు మడతపెట్టించుకోవడానికి వచ్చి, వెనకగది వైపు మెడ సాచి చూశారు. లోపల ఇద్దరూ దేనికో పగలబడి నవ్వుతున్నారు.

"మీ చెల్లెలు భలే కలివిడి మనిషమ్మా. మీ ఆయన ఇంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు," అన్నారు.

"చూడండి పిన్నిగారూ, తనివితీరా చూడండి. టికెట్టేం లేదు."

"అయ్యో, నేనేదో మాటవరసకి అన్నాను తల్లీ!"

ఆవిడ వెళ్ళాక చూసుకుంటే చొక్కా జేబు తలకిందులుగా కుట్టేశాను.

వాళ్ళని నేను ఆ రకంగా అనుమానించానేమో అనుకుంటారు. లేదు. ఆయన సంగతి నాకు తెలుసు, దాన్ని చంకనేసుకుని పెంచింది నేనే. అలాంటిదేదైనా ఉంటే జుట్టు పట్టుకుని గుమ్మం దాటించి, చేతులు దులుపుకునేదాన్ని. నాకు కాలింది వేరేచోట. ఆయన దానితో మాట్లాడుతున్నారు. రోజంతా మాట్లాడుతున్నారు. నాకు అది కావాలి, ఇంకేం అక్కర్లేదు. అది నాకు దొరకట్లేదు, దానికి అడక్కుండానే దొరుకుతోంది. కుళ్ళుకుని కుళ్ళుకుని బక్కచిక్కిపోయాను.

మొదటిసారి కరెంటిచ్చిన మధ్యాహ్నం నన్నూ పిలిచారు. తలుపు దగ్గరే నిలబడ్డాను, చేతులు కట్టుకుని. స్విచ్ వేశాక కాసేపు ఏమీ కాలేదు. తర్వాత వాల్వుల లోపల సన్నటి తీగలు ఎర్రబడ్డాయి, పక్కన పెట్టిన స్పీకర్లోంచి బొయ్యిమని ఒక రొద మొదలైంది.

"ఎర్త్ వైరు," అన్నారు మా ఆయన వెంటనే. ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తో ఒక వెదురుపుల్ల పట్టుకుని, వైర్లని ఒక్కొక్కటే కదిపారు. ఒకచోట పుల్ల ఆనించగానే రొద సగానికి పడిపోయింది. ఆపేసి, అక్కడ మళ్ళీ సోల్డరింగ్ చేసి, మళ్ళీ వేశారు.

చెల్లి గిటారు తగిలించి ఒకే ఒక్క తీగ మీటింది. ఏం చెప్పను! గదిలో గచ్చు నా అరికాళ్ళ కింద కదిలింది. ఆ శబ్దం వెంటనే పోలేదు, నిదానంగా, ఇష్టంలేనట్టు పోయింది. బాగుంది. దరిద్రంగా ఉంటుందనీ, ఇద్దరూ తెల్లమొహం వేస్తారనీ లోపల్లోపల ఆశపడ్డాను, దాస్తే ఏం లాభం. బాగుండేసరికి ఏడుపొచ్చింది.

"ఏంటి, సన్నగా ఏదో కూస్తోంది?" అన్నాను, వంక దొరికిన సంతోషంలో.

"ఏ కూత?" అన్నారు ఆయన.

"ఏం లేదక్కా, నా గిటారుదే," అని చెల్లి గబుక్కున ఏదో మర తిప్పింది. కూత ఆగిపోయింది.

ఆ తర్వాత ఆయన ప్లైవుడ్ కోసి పెట్టె చేశారు. స్పీకర్ ముందు గుడ్డ బిగించాలి. చెల్లి నా దగ్గరికొచ్చి మిషన్ పక్కన గొంతుక్కూర్చుంది.

"అక్కా, ఆ గుడ్డ నువ్వు వెయ్యవా? నీ చెయ్యి పడితే ముడత అన్నది ఉండదు."

"ఆహా, గుర్తొచ్చానా! గుడ్డ పని ఉందనా?"

"ఉన్న పనే చెప్తున్నా. వాల్వు నువ్వు వేస్తావా ఏంటి?"

దాని నవ్వు చూసి మూతి ముడుచుకున్నాను గానీ, పని మాత్రం ప్రాణం పెట్టి చేశాను. నా దగ్గరున్న వాటిలోకెల్లా మంచి గుడ్డ తీశాను. ముదురు నీలం, బడిపిల్లల ప్యాంట్లకి వేసేది. వెలుతురుకి పట్టి చూస్తే ఒక్క చుక్క కాంతి అవతలికి రాకూడదు, మాకు అదే మేలురకం గుడ్డ. మూలలు మడిచి, చెక్కకి లాగి బిగించి, చిన్న మేకులు కొట్టాను. మద్దెల మీద తోలు కూడా అంత బిగువుగా ఉండదు.

చెల్లి వాయించింది. ఆగింది. మళ్ళీ వాయించి మొహం ముడిచింది.

"అక్కా, ఏమనుకోకు. గుడ్డ మందమైంది. నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని మాట్లాడినట్టుంది. ఊదితే గాలి అవతలికి పోయే గుడ్డ కావాలి దీనికి."

నా మొహం మాడిపోయింది. ఇంతలో మా ఆయన అన్నారు కదా, "భలేదానివే. ఇందాకటికీ ఇప్పటికీ నాకేం తేడా లేదు. బ్రహ్మాండంగా ఉంది. మీ అక్క పనికి వంకపెట్టేవాళ్ళు పుట్టలేదు."

ఏనుగెక్కినంత సంబరమైంది నాకు. చెల్లి ఆయన వంక ఒక చూపు చూసి, "సరేలే బావా, ఉండనీ," అంది. ఆ చూపులో ఏముందో నేను పట్టించుకోలేదు. ఓడిపోయిన మొహం అనుకున్నాను. ఆ సాయంత్రం పని చేస్తూ కూనిరాగం తీశాను. ఆయన నా పక్షం వహించారు, దాని ముందు, నోరు తెరిచి. ఒక వారం దాకా ఆ మాటనే తిప్పి తిప్పి తలుచుకున్నాను.

తర్వాత ఒకరోజు యూనిఫారాలు ఇచ్చిరావడానికి బడికి వెళ్ళాను. వానకి తొందరగా వదిలేసినట్టున్నారు, గేటుకి తాళం. అదే మూటతో వెనక్కి వచ్చాను. వీధి గేటు తీస్తుండగానే ఇంట్లోంచి ఈల వినపడింది. సన్నటి ఈల, చెవిలో సూది గుచ్చినట్టు. కుక్కర్ అనుకుని పరిగెత్తాను. పొయ్యి ఆర్పేసే ఉంది. ఈల వెనకగదిలోంచి వస్తోంది.

తలుపు దగ్గర ఆగాను. మా ఆయన స్పీకర్‌కి చెవి దాదాపు ఆనించి కూర్చున్నారు. అంత దగ్గర్నుంచి ఆ ఈల వింటే నాకైతే కళ్ళు తిరిగేవి. ఆయన హాయిగా, తల ఊపుతూ ఉన్నారు.

"ఇప్పుడు పోయింది కదూ?" అన్నారు.

"లేదు బావా, ఉంది." చెల్లి వెదురుపుల్లతో ఒక వైరుని నెమ్మదిగా పక్కకి నెడుతోంది. "ఇంకా ఉంది... ఇంకా... తగ్గింది. ఆఁ, పోయింది." అని ఆయన భుజం మీద రెండు వేళ్ళతో తట్టింది.

ఆయన తలెత్తి దాని మొహం చూసి నవ్వారు.

నా చేతిలో మూట జారి కిందపడింది. చెల్లి ఉలిక్కిపడి తిరిగింది. ఆయన తిరగలేదు.

"ఏమండీ," అన్నాను.

ఆయన తిరగలేదు. వైర్ల మీదికి వంగి, ఏదో గొణుక్కుంటూ పని చేసుకుంటున్నారు. చెల్లి నన్ను చూస్తోంది. నేను మూట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కాసేపటికి అది వచ్చి గిన్నెల పక్కన నిలబడింది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏడాది దాటిందట. సన్నటి శబ్దాలు పోయాయి. లావువి బానే వినపడతాయి. మొదటిరోజు కూతొచ్చింది చూడు, నువ్వన్నావుగా. అప్పుడే నాకు తెలిసిపోయింది. గట్టిగా అడిగితే ఒప్పుకున్నాడు. డాక్టరుకి కూడా చూపించుకున్నాడట. నరమట, మందు లేదట. మిషనేదో పెట్టుకోవాలట చెవికి."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టేయించుకున్నాడక్కా."

"నువ్వు కాదే! ఆయన. ఆయన నాకెందుకు చెప్పలేదు?"

అది సింకు కొళాయి విప్పి, మళ్ళీ కట్టేసింది. "నీది సన్న గొంతు కదా," అంది. "పోయింది సరిగ్గా అక్కడే. నీ మాట నాకు వినపడట్లేదని మీ అక్కకి ఎలా చెప్పను, అని నన్నే అడిగాడు."

జాలేసిందా అంటే, వేసింది. కానీ జాలి కన్నా ముందు వచ్చింది వేరే. ఆ మాట నాది. నా గొంతు గురించి, నా మొగుడు, నాతో అనాల్సిన మాట. అది దీని చెవిన పడింది. నవ్వులూ కబుర్లూ అయితే ఎలాగో ఓర్చుకున్నాను. ఇది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

"వెళ్ళు, అక్కడ పని చూసుకో," అన్నాను.

"అక్కా..."

"వెళ్ళవే."

అది వెళ్ళాక ఇంకొకటి తట్టింది. ఆ నీలం గుడ్డ. ఇందాకటికీ ఇప్పటికీ నాకేం తేడా లేదు, అన్నారు కదా. నిజమే, ఆయనకి తేడా లేదు. గుడ్డ ఆపేసిన శబ్దాలు ఆయనకి ముందే లేవు. ఆయన నా పక్షం వహించలేదు. ఏనుగెక్కి ఊరేగాను నేను, వారం రోజులు.

మర్నాడు ఆయన షాపుకి వెళ్ళగానే పెట్టె ముందేసుకుని మేకులన్నీ పీకాను. దోమతెర ముక్కొకటి ఉంటే నోటికి అడ్డంపెట్టుకుని ఊదాను. గాలి హాయిగా అవతలికి పోయింది. అదే వేశాను, నీలానికి దగ్గర రంగులో అద్దకం చేసి. సాయంత్రం ఆయన చూసి, "ఎందుకు మార్చావు? అది బానే ఉందిగా," అన్నారు.

పీకిన మేకులు డబ్బాలో వేసి మూత పెట్టాను. చెల్లి గిటారు తగిలించి వాయించి, నా చెయ్యి పట్టుకుని నొక్కింది. విదిలించుకున్నాను.

వానలు తగ్గాక అది బయల్దేరింది. పెట్టెని బస్సులో కాళ్ళ దగ్గర పెట్టుకోవాలో, పక్కన పెట్టుకోవాలో ఆయన వందసార్లు చెప్పారు. వాల్వులన్నీ పీకి, ఒక్కొక్కదానికీ నా కుట్టు ముక్కలు చుట్టి డబ్బాలో పెట్టారు. బస్సెక్కే ముందు అది నన్ను వాటేసుకుంది.

"కోపం పోయిందా?"

"లేదు."

"ఉండనీలే, బరువేం కాదుగా," అని ఎక్కి కూర్చుంది.

ఇల్లు బోసిపోయింది. వెనకగది మళ్ళీ గదైంది, ఆయన మళ్ళీ ఊఁ లోకి వెళ్ళిపోయారు. నాకు తెలుసని ఆయనకి తెలియదు. నేనూ అడగలేదు. దానికి చెప్పుకున్న మాట నాకు చెప్పడానికి ఈయనకి ఎన్నాళ్ళు పడుతుందో చూస్తానని పంతం పట్టాను. ఎదురుగా నిలబడి, మొహం కనపడేలా మాట్లాడేదాన్ని. ఒకటి రెండుసార్లు గొంతు కిందికి దించి బొంగురుగా కూడా మాట్లాడి చూశాను.

"జలుబు చేసిందా?" అన్నారు.

"చేసింది," అన్నాను. వంటింట్లోకి వెళ్ళి నవ్వాను, తర్వాత ఏడ్చాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం చెల్లి ఫోన్ చేసింది. ఆయన బల్ల దగ్గర కూర్చుని ఎట్టకేలకి నా మిషన్ మోటారు విప్పుతున్నారు.

"అక్కా, యాంప్ కూస్తోంది. సాయంత్రం కచేరీ ఉంది. బావకి ఇవ్వు, వినిపిస్తాను."

ఇచ్చాను. ఆయన ఫోన్ చెవికి పెట్టుకుని, "ఊఁ, చెప్పమ్మాయ్... ఊఁ... ఎలాంటి కూత? ఏదీ, వినిపించు," అన్నారు.

ఫోన్లోంచి ఈల వచ్చింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, నాకే వినపడుతోంది. ఆయన ఫోన్‌ని గట్టిగా అదుముకున్నారు. రెండో చెవికి మార్చారు. ఫోన్ని చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. "వచ్చిందా? ఆఁ, వినిపించు మరి," అంటున్నారు. ఈల వస్తూనే ఉంది.

అప్పుడు నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు.

"నాకు వినపడట్లేదు," అన్నారు. ఫోన్ నా వైపు చాపారు. "సన్నటివి వినపడటం మానేసి చాలా రోజులైంది. నీ మాట కూడా సగమే అందుతోంది. నువ్వు విని చెప్పు."

ఎన్ని మాటలు దాచిపెట్టుకున్నానో ఈ క్షణం కోసం! దెప్పుదామని, కడిగేద్దామని, దానికి ముందు ఎందుకు చెప్పారని నిలదీద్దామని. ఒక్కటీ గుర్తురాలేదు.

"ఇటివ్వండి," అన్నాను.

ఆయన కుర్చీ జరుపుకుని నా మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా కూర్చున్నారు. నా పెదాల మీదే కళ్ళు పెట్టారు.

"ఎలా ఉంది?"

"ఈల. సన్నగా."

"ఎంత సన్నగా? దోమలాగా?"

"దోమ ఎక్కడ. కత్తెర సానపడతారు చూడండి, చివర్లో రాయి మీద మొన తగిలి కీచుమంటుంది. అలా."

"ఆగి ఆగి వస్తోందా, ఒకటే పోతగానా?"

"ఒకటే పోత."

"అబ్బ, ఎంత బాగా చెప్పావు!" అన్నారు. నన్నే అన్నారు. "అయితే మొదటి వాల్వుకి పోయే వైరు జరిగి చివరిదాని వైరుకి దగ్గరైంది. బస్సు కుదుపులకి అయ్యుంటుంది. పుల్లతో దాన్ని పక్కకి నెట్టమను. మెల్లిగా. నువ్వు వింటూ ఉండు, ఎక్కడ ఆగుతుందో చెప్పు."

చెప్పడానికి నోరు తెరిచాను. ఈల ఆగిపోయింది.

నేనింకా చెప్పనే లేదు.

మా చెల్లికి ఆ ఈల కొత్తా? వానాకాలమంతా దాన్ని ఆపుతూనే కూర్చుంది. ఎక్కడ నెడితే వస్తుందో తెలుసు, ఎక్కడ నెడితే పోతుందో తెలుసు. బావ చెవికి అందదనీ, ఫోన్ నా చేతికి రాక తప్పదనీ తెలుసు. చివరికి ఈయన నోటి మాట కూడా అదే ఇప్పించాలా నాకు! ఒళ్ళంతా భగ్గుమంది. ఫోన్ బల్లమీద కొట్టేద్దామన్నంత కోపం వచ్చింది.

"ఆగిందా?" అన్నారు ఆయన. ముందుకి వంగి, నా మొహంలోకి, నా ఒక్కదాని మొహంలోకి చూస్తున్నారు.

"ఇంకా లేదు," అన్నాను.

అవతల మా చెల్లి చేతిలో పుల్ల టిక్కుమని దేనికో తగిలింది. తర్వాత ఈల మళ్ళీ మొదలైంది.